పట్టపుపాలెం, పడవల రేవు: మన తీరాన్ని బొమ్మగా వేసేవారి అనుభవాలు

పెన్నాతీరం (నెల్లూరు):

సభ్యులందరికీ నమస్కారం. నాలుగేళ్ళుగా నీటిరంగులతో ప్రకృతి దృశ్యాలు వేస్తున్నాను. చెరువులు, వరిచేలు, పెన్న ఒడ్డున మా రంగనాయకుల గుడి గాలిగోపురం వంటివి కొంతవరకు చేతికి లొంగాయి కానీ, సముద్రం దగ్గరికి వెళ్ళేసరికి నా చెయ్యి ఆగిపోతోంది. గడచిన మూడు నెలల్లో మైపాడుకు రెండుసార్లు, అల్లూరు మండలంలోని ఇస్కపల్లికి ఒకసారి వెళ్ళి మొత్తం తొమ్మిది బొమ్మలు వేశాను. వాటిలో ఒక్కటీ నాకు తృప్తినివ్వలేదు.

నా లోపాలు నాకు కొంత తెలుస్తున్నాయి. పడవలు పిల్లల ఆటబొమ్మల్లా తేలికగా, ఇసుక మీద ఆనకుండా కనిపిస్తున్నాయి. సముద్రానికి నేను పూసిన నీలం మన సముద్రపు నీలంలా లేదు. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, పడవను సగం గీసేసరికి నలుగురు మనుషులు వచ్చి దానిని నీళ్ళలోకి తోసుకుని వెళ్ళిపోతున్నారు. మత్స్యకార గ్రామం, దాని రేవు అనే విషయం మీద పన్నెండు బొమ్మల వరుస ఒకటి వేయాలని సంకల్పించుకున్నాను. మన నెల్లూరు, ప్రకాశం తీరంలో కూర్చుని బొమ్మలు వేసినవారు తమ అనుభవాలను వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

గుండ్లకమ్మ (ఒంగోలు):

పెన్నాతీరం గారూ, నేను డ్రాయింగు మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. కొత్తపట్నం ఒడ్డు ఒంగోలుకు 20 కిలోమీటర్ల లోపే కాబట్టి, ఇన్నేళ్ళలో అక్కడికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. రంగుల సంగతికి ముందు వెలుగు సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ నీలం సరిగా రాకపోవడానికి కారణం బహుశా రంగు డబ్బాలో లేదు, మీరు వెళ్ళిన వేళలో ఉంది.

మనది తూర్పు తీరం. ఉదయం సముద్రం వైపు ముఖం పెట్టి కూర్చుంటే సూర్యుడు మనకు ఎదురుగా ఉంటాడు. ఆ వేళలో పడవ పక్కకు వేసిన ఎరుపూ పసుపూ ఏవీ కనిపించవు, పడవ మొత్తం ఒక నల్లని ఆకారమై దాని అంచు మాత్రం మెరుస్తుంది. నీళ్ళలో నీలం దాదాపు ఉండదు, వెండి వన్నె, బూడిద వన్నె మాత్రమే ఉంటాయి. అటువంటి ఉదయాన్ని చూస్తూ, మనసులో ఉన్న నీలాన్ని కాగితం మీద పూస్తే ఆ రెండూ పొసగవు. అదే మధ్యాహ్నం మూడు దాటిన తర్వాత వెళ్ళండి. సూర్యుడు మీ వెనుక, సరుగుడు తోపుల మీదుగా దిగుతుంటాడు. అప్పుడు పడవల రంగులన్నీ విప్పుకుంటాయి, దూరాన నీళ్ళు ముదురు నీలంగా, కెరటం విరిగేచోట పచ్చగా, ఒడ్డున ఇసుక కలిసి గోధుమ వన్నెగా మూడు పట్టీలు స్పష్టంగా విడిపోతాయి. పడవను గీయాలంటే సాయంత్రం, వాతావరణాన్ని వేయాలంటే ఉదయం అని నా విద్యార్థులకు చెప్పేవాణ్ణి.

ఋతువును కూడా లెక్కలోకి తీసుకోవాలి. డిసెంబరులో సూర్యుడు సరిగ్గా తూర్పున కాక, దాదాపు 24 డిగ్రీలు దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు కాబట్టి, సముద్రానికి అభిముఖంగా కూర్చున్నవారికి వెలుగు కుడివైపు నుండి వాలుగా వచ్చి ఇసుకలోని ప్రతి అడుగుజాడకూ నీడనిస్తుంది. ఏప్రిల్ చివరా ఆగస్టు మధ్యలోనూ మన నెల్లూరు ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో నడిమధ్యాహ్నం నీడలన్నీ వస్తువుల కిందకే పోతాయి, రూపమంతా చప్పబడిపోతుంది. ఆ వేళ రంగులు మూసేసి చెట్టు నీడకు వెళ్ళడమే మంచిది.

పడవలు వెళ్ళిపోతున్నాయన్న బాధ మీ ఒక్కరిదే కాదు. 1888లో డచ్ చిత్రకారుడు వాన్ గో ఫ్రాన్సు దక్షిణ తీరంలోని సెంత్ మరీ అనే మత్స్యకార గ్రామంలో ఒక వారం ఉన్నప్పుడు, పడవలు తెల్లవారుజామునే వెళ్ళిపోతుండడంతో వాటిని అక్కడికక్కడ రంగులతో వేయలేకపోయాడు. బయలుదేరే ముందు గంటసేపట్లో గీతలతో బొమ్మ గీసుకుని, ఏ భాగం ఏ రంగో దాని మీదే రాసుకుని, తన నివాసానికి వెళ్ళి తైలవర్ణ చిత్రం వేశాడు. మనం చేయవలసిందీ అదే. ఉదయం పెన్సిలుతో పది నిమిషాలకొక గీత (త్వరగా గీసుకునే రేఖాచిత్రం) చొప్పున పది గీతలు గీయండి, రంగుల పేర్లు పక్కన రాసుకోండి, రంగు ఇంటి దగ్గర వేయండి.

అలివివల (నెల్లూరు):

నేను పట్టపుపాలెంలో పుట్టి పెరిగినవాణ్ణి. మా నాన్న ఇప్పటికీ వేటకు వెళ్తాడు. నేను నెల్లూరులో ఉద్యోగం చేస్తూ తీరిక దొరికినప్పుడు పెన్సిలుతో గీస్తుంటాను. మాస్టారు గారు వెలుగు గురించి చెప్పారు కాబట్టి నేను పడవ గురించి చెబుతాను, ఎందుకంటే ప్రదర్శనల్లో నేను చూసిన సముద్రతీరపు బొమ్మల్లో చాలా వాటిలో పడవలు నీళ్ళలో పెడితే మునిగిపోయేవే.

ముందుగా తెప్పకూ పడవకూ తేడా తెలుసుకోవాలి. తెప్ప అంటే దుంగలను పక్కపక్కన చేర్చి తాళ్ళతో కట్టినది. దానికి లోపలి గుంట ఉండదు, నీళ్ళు దుంగల మీదుగా పారుతుంటాయి. అందుచేత దూరం నుండి చూస్తే తెప్ప మీద మనిషి నీళ్ళ మీదే కూర్చున్నట్టు కనిపిస్తాడు. వేట ముగిశాక కట్లు విప్పి దుంగలను ఇసుక మీద ఆరబెడతారు. ఇప్పుడు మా తీరంలో ఎక్కువగా కనిపించేవి మోటారు బిగించిన ఫైబరు పడవలు. ఇవి సుమారు 28 నుండి 30 అడుగుల పొడవుంటాయి. ముందు భాగాన్ని అణియమనీ వెనుక భాగాన్ని అమరమనీ అంటాము. అణియం బాగా పైకి లేచి సన్నగా ఉంటుంది, కెరటాన్ని చీల్చుకుని పోవడానికే దానికి ఆ రూపం. అమరం పల్లంగా, వెడల్పుగా ఉంటుంది. బొమ్మల్లో ఈ రెండు చివరలనూ ఒకే ఎత్తులో వేయడం వల్లనే పడవ అరటిదొప్పలా తయారవుతోంది.

గీసే పద్ధతి ఒకటి నాకు బాగా ఉపయోగపడింది. ఎనిమిది అంకెను పక్కకు పడుకోబెట్టి, ఒక సున్నాను పెద్దదిగా, ఒక సున్నాను చిన్నదిగా తేలికగా గీసుకుంటే, పడవ రెండు అంచుల వంపూ దానిలోనే దొరుకుతుంది. అణియం దగ్గర గీతను పైకి లాగి, అమరం దగ్గర అడ్డంగా కోసేస్తే చాలు. ఇక ఆ పడవ బరువుగా కనిపించాలంటే అది ఇసుకలో ఎంత దిగిందో చూపించాలి. ఒడ్డున పెట్టిన పడవ నిటారుగా నిలబడదు, ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, ఒరిగిన వైపు ఇసుక కుప్పగా పైకి లేస్తుంది, ఆ కింద సన్నని గాఢమైన నీడ ఉంటుంది. మీ బొమ్మల్లో పడవలు ఆనడం లేదన్నారు కదా, ఆ సన్నని నీడను పెట్టి చూడండి. ఇప్పుడు చాలాచోట్ల పడవలను ట్రాక్టరుతో లాగుతున్నారు కాబట్టి ఆ చక్రాల జాడలు ఇసుకలో లోతుగా పడి ఉంటాయి. అవి చూపును నేరుగా పడవ దగ్గరికి తీసుకుపోతాయి, వాటిని వదులుకోకండి.

వలను ఒక్కొక్క కన్నుగా గీయవద్దు. కుప్పగా పోసిన వల దూరానికి పొగలాగా ఉంటుంది, దాని మీద బెండ్లు (వలను నీళ్ళలో తేల్చే తేలికపాటి ముక్కలు) మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. కుప్పను ఆరిన కుంచెతో రాచి, బెండ్లను నాలుగైదు చుక్కలుగా పెడితే అది వల అని మా పాలెంలో చిన్నపిల్లలు కూడా చెబుతారు.

పడవలు కదలకుండా కావాలంటే వేట నిషేధ కాలంలో రండి. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మోటారు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ రోజుల్లోనే పడవలను తిరగవేసి అతుకులు వేస్తారు, కొత్త రంగులు పూస్తారు, వలలు కుట్టుకుంటారు. పడవ అడుగు భాగం ఎలా ఉంటుందో చూడడానికి అంతకంటే మంచి సమయం లేదు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. అవి ఇంట్లోకి రాబడి లేని రోజులు. ఆ రెండు నెలల్లో వచ్చినవారు మనుషులతో ఇంకొంచెం ఓపికగా మాట్లాడాలి.

తడికాగితం (కావలి):

కాగితం గురించి రెండు మాటలు. తుమ్మలపెంట ఒడ్డున కూర్చుని, మంచినీళ్ళ సీసా అయిపోయిందని ఒకసారి సముద్రపు నీళ్ళతోనే బొమ్మ పూర్తి చేశాను. ఆరిన తర్వాత ఉప్పు పలుకులు ఇసుకకు చక్కని గరుకుదనాన్నిచ్చాయి, సంతోషించాను. కానీ ఉప్పు గాలిలోని చెమ్మను పీలుస్తూనే ఉంటుంది కాబట్టి, ఆ బొమ్మ వానకాలమంతా చేతికి జిగటగా తగిలింది, రెండో ఏటికి మచ్చలు పడింది. ఎంత బరువైనా రెండు లీటర్ల మంచినీళ్ళు వెంట తీసుకువెళ్ళండి.

చెమ్మ పట్టిన కాగితం మీద రంగు నిలవక, ఇంకుడు కాగితం మీద వేసినట్టు అక్కడక్కడ లోపలికి దిగిపోతుంది. తీరంలో ఉండేవారు కాగితాలను గాలి దూరని సంచిలో, చెమ్మను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో దాచుకోవాలి. 300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) నూలు కాగితమైతే కొంత తట్టుకుంటుంది. బూడిద వన్నె కోసం నల్లరంగు వాడకండి. అల్ట్రామెరైను నీలంలో బర్న్ట్ సియన్నా అనే ఎర్రని గోధుమ రంగు కలిపితే, నీలం ఎక్కువైనప్పుడు మబ్బూ, సియన్నా ఎక్కువైనప్పుడు తడి ఇసుకా రెండూ ఆ ఒక్క జంటలోనే దొరుకుతాయి.

పెన్నాతీరం (నెల్లూరు):

మీ అందరికీ కృతజ్ఞతలు. అలివివల గారూ, అణియం, అమరం అన్న మాటలు తెలుసుకున్నాక నా పాత బొమ్మలు తీసి చూశాను. తొమ్మిదింటిలో ఏడింటిలో పడవ రెండు చివరలూ సమానంగానే ఉన్నాయి.

రేవు గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. మైపాడులోనూ ఇస్కపల్లిలోనూ ఉన్నది తెరిచి ఉన్న ఇసుక ఒడ్డే. గట్లు కట్టిన రేవును కూడా వరుసలో చేర్చాలని ఉంది. బోగోలు మండలం జువ్వలదిన్నెలో చేపల రేవు కట్టారు, కృష్ణపట్నంలో పెద్ద ఓడరేవు ఉంది. ఈ రెండింటినీ ఎవరైనా వేశారా?

కండలేరు (ముత్తుకూరు):

కృష్ణపట్నం మా పక్క ఊరు కాబట్టి నేను చెబుతాను. ఓడరేవు లోపలికి వెళ్ళి గీయాలనుకోకండి. అది భద్రతా ప్రాంతం. కొన్నేళ్ళ క్రితం ఒక రేవు గేటు దగ్గర స్కెచ్ పుస్తకం తీసినందుకు నన్ను రెండు గంటలు కూర్చోబెట్టి, నేను గీసిన మూడు పుటలు చింపి తీసుకున్నారు. వారి పని వారు చేశారని తర్వాత అర్థమైంది కానీ, ఆ పుటల్లో ఒకటి నేను వేసిన మంచి గీతల్లో ఒకటి కావడంతో ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీరు ఏ రేవుకు వెళ్ళినా ముందుగా అక్కడి కార్యాలయంలో అనుమతి అడగండి.

అయితే ఓడరేవును దూరం నుండి వేస్తేనే దాని అందం. కండలేరు ఉప్పుటేరు సముద్రంలో కలిసేది అక్కడే. ఉప్పుటేరు పక్కన ఊళ్ళ వైపు నిలబడితే, ముందు బురద ఒడ్డున చిన్న పడవలు, వాటి వెనుక నిశ్చలమైన నీళ్ళు, ఆ వెనుక ఆకాశానికి ఆనుకుని క్రేన్లు, నేలటూరు విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు ఒకే చూపులో కనిపిస్తాయి. చిన్న పడవ ముదురుగా, స్పష్టంగా ఉండాలి. క్రేన్లు ఆకాశపు రంగుకు ఒక్క మెట్టు మాత్రమే ముదురుగా ఉండాలి. మన తీరపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, నిజంగానే అవి అలా పలచబడి కనిపిస్తాయి. నేను మొదట్లో క్రేన్లలోని ప్రతి ఇనుపకమ్మీనీ గీసి, బొమ్మను ఇంజనీరు పటంలా చేసేవాణ్ణి.

రేవు నీళ్ళలో ప్రతిబింబాలకు కొన్ని నియమాలున్నాయి. నల్లని వస్తువు ప్రతిబింబం అసలుకంటే కొంచెం లేతగా, తెల్లని వస్తువు ప్రతిబింబం అసలుకంటే కొంచెం ముదురుగా ఉంటుంది. మన వైపు ఒరిగిన కొయ్య ప్రతిబింబం అసలు కొయ్యకంటే పొడవుగా కనిపిస్తుంది, అవతలికి ఒరిగినదాని ప్రతిబింబం పొట్టిగా కనిపిస్తుంది. మరొకటి, ప్రతిబింబం వేరు, నీడ వేరు. ప్రతిబింబం ఎప్పుడూ నిలువుగా మన వైపే దిగుతుంది, నీడ మాత్రం సూర్యుణ్ణి బట్టి పక్కకు పోతుంది. రేవు బొమ్మల్లో ఈ రెండింటినీ కలిపేయడం వల్ల నీళ్ళు అద్దంలా కాక నేలలా కనిపిస్తాయి.

దిగంతరేఖ ఎప్పుడూ మీ కంటి ఎత్తులోనే ఉంటుంది. ఇసుక మీద నిలబడి గీస్తే, మీతో సమానమైన ఎత్తున్న మనుషులందరి కళ్ళూ, దగ్గరివారైనా దూరంవారైనా, ఆ రేఖ మీదే పడాలి. రేవు గట్టు ఎక్కితే అది మీతోపాటు పైకి లేస్తుంది, పడవల లోపలి భాగాలు కనిపించడం మొదలవుతుంది. పడవ లోపల ఐసు పెట్టెలు, తాళ్ళు, వలలు ఎలా సర్దుకుంటారో చూపించాలంటే గట్టే సరైన చోటు.

సరుగుడుతోపు (సింగరాయకొండ):

నేను తైలవర్ణాలు వాడతాను, పాకల ఒడ్డు నాకు అలవాటైన చోటు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక ఈజిలు (బొమ్మను నిలబెట్టే చట్రం) నిలవదు. దాని కాళ్ళ మధ్య ఇసుక సంచిని వేలాడదీస్తాను. తడి రంగు మీద ఇసుక పడడం తప్పదు. 1882లో వాన్ గో నెదర్లాండ్స్‌లోని షెవెనింగెన్ ఒడ్డున గాలివానలో వేసిన బొమ్మలో నేటికీ ఇసుక రేణువులు ఉన్నాయని తెలిశాక నేను ఆ దిగులు మానుకున్నాను.

నేను చెప్పదలచుకున్నది వేరొకటి. తీరగ్రామాన్ని వేసేటప్పుడు సిమెంటు ఇళ్ళనూ సెల్ టవరునూ నీలి టార్పాలిన్లనూ వదిలేసి తాటాకు గుడిసెలు వేయడమే మంచిదని నా అభిప్రాయం. చిత్రకారుడు కెమెరా కాదు, ఏరుకునే హక్కు అతనికి ఉంది. తాటాకు కప్పుకు ఉన్న వంపు, దాని మీద పడే వెలుగు సిమెంటు పెట్టెకు రావు.

అలివివల (నెల్లూరు):

సరుగుడుతోపు గారూ, మీ మాటతో నేను ఏకీభవించలేను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మా తీరంలో నీళ్ళు ఇళ్ళలోకి ఎలా వచ్చాయో చూసినవాణ్ణి నేను. ఆ తర్వాత కట్టిన పక్కా ఇళ్ళలో మా నాయనమ్మ తన చివరి పదేళ్ళూ వాన రాత్రుల్లో భయం లేకుండా నిద్రపోయింది. మీకు అది సిమెంటు పెట్టె కావచ్చు, మాకు అది తలుపు గడియ పడే ఇల్లు. ఏరుకునే హక్కు మీకు ఉందని ఒప్పుకుంటాను. కానీ మా ఊరిని వేస్తూ మా ఇళ్ళను తీసేస్తే, ఆ బొమ్మలో మేము ఎక్కడ ఉంటాము?

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ ఇళ్ళకు మేము వేసుకునే రంగులు చూడండి. పడవకు పూయగా మిగిలిన డబ్బాతోనే తలుపులకూ కిటికీలకూ పూస్తాము. ఒకే నీలం పడవ మీద, గడప మీద, గంగమ్మ గుడి అరుగు మీద కనిపిస్తుంది. బొమ్మను ఒక్కటిగా కట్టడానికి అంతకంటే ఏం కావాలి?

గుండ్లకమ్మ (ఒంగోలు):

ఈ విషయంలో నేను అలివివల గారి వైపే ఉన్నాను. సరుగుడుతోపు గారి మాటలోనూ కొంత నిజం ఉంది. తాటాకుకు ఉన్న వంపు గోడకు లేదు. అయితే ఆ వంపు కావలసినవారికి అది పడవ అంచులో, ఆరవేసిన వలలో, కెరటంలో ఎలాగూ దొరుకుతుంది. నిలువు గోడ ఒకటి పక్కన ఉంటేనే ఆ వంపు ఎక్కువగా తెలుస్తుంది కూడా. టార్పాలిన్ నీలాన్ని వదిలేయవద్దు, దాని గాఢతను కొంచెం తగ్గించి వేయండి.

సరుగుడుతోపు (సింగరాయకొండ):

అలివివల గారూ, మీరు చెప్పిన తలుపుల రంగును నేను ఇన్నేళ్ళలో గమనించలేదు. ఈ ఆదివారం పాకల వెళ్ళి ఊరి లోపలి వీధిలోనే కూర్చుంటాను. మనుషులను గీసేటప్పుడు మీవారు ఏమనుకుంటారో కూడా చెప్పగలరా?

అలివివల (నెల్లూరు):

అడిగి గీస్తే ఎవరూ కాదనరు. పడవలు దరికి చేరి చేపల వేలంపాట జరుగుతున్నప్పుడు మాత్రం దారికి అడ్డంగా కూర్చోకండి. ఆ అరగంటలోనే ఆ రోజు సంపాదన తేలుతుంది. తట్టలు మోసే ఆడవాళ్ళకు ఇసుకలో ఒక్కొక్క అడుగు వేయడమే కష్టం, వాళ్ళను ఆగమని అడగవద్దు. పాట ముగిశాక, వలలు బాగుచేసుకునే వేళ గంటల తరబడి ఒకే చోట కూర్చుంటారు, అప్పుడు గీయండి. గీసినది చూపించండి. తప్పులుంటే వాళ్ళే చెబుతారు. నేను గీసిన మొదటి పడవను చూసి మా నాన్న, తాడు ఆ చోట కట్టరని ఒక్క మాట అన్నాడు, అది సరిదిద్దేసరికి బొమ్మ మొత్తం బాగుపడింది. వీలైతే ఆ బొమ్మకు ఒక ప్రతి తీసి తర్వాత వెళ్ళినప్పుడు వాళ్ళకు ఇవ్వండి.

పెన్నాతీరం (నెల్లూరు):

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఇస్కపల్లికి మళ్ళీ రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి రంగులు తీసుకువెళ్ళనే లేదు. తెల్లవారకముందే చేరి, పడవలు బయలుదేరేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు మొత్తం పద్నాలుగు గీతలు గీశాను. వాటిలో నాలుగింటి పక్కన రంగుల పేర్లు రాసుకున్నాను. రెండోసారి మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్ళి, ఒరిగి ఉన్న ఒక పడవ ముందు కూర్చున్నాను. దాని కింది సన్నని నీడను చివర ఒక్క గీతతో పెట్టినప్పుడు, పడవ నా కళ్ళ ముందే ఇసుకలోకి దిగినట్టయింది.

వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన అనుమతితో ఆయనను గీసి చూపించాను. చాలాసేపు చూసి, వల పట్టుకున్న చెయ్యి సరిగానే ఉంది కానీ వల బరువును తన కాలి బొటనవేలితో బిగించి పట్టుకుంటానని, అది నేను గీయలేదని చెప్పారు. మళ్ళీ చూస్తే నిజమే, వల అంచు ఆయన బొటనవేలికి చుట్టుకుని లాగి ఉంది. ఇంటికి వచ్చి కొత్త కాగితం మీద ఆ బొమ్మను బొటనవేలి నుండే మొదలుపెట్టాను. సముద్రపు నీలం ఇంకా పూర్తిగా కుదరలేదు. కెరటం విరిగేచోటి పచ్చదనం నా చేతిలో మట్టి పట్టినట్టుగా వస్తోంది. ఆ పచ్చదనానికి ఏ రంగులు కలుపుతున్నారో తడికాగితం గారు చెప్పగలరా?

తడికాగితం (కావలి):

నేను సెరూలియన్ నీలంలో చిటికెడు రా సియన్నా (పసుపు కలిసిన గోధుమ రంగు) మాత్రమే కలుపుతాను, మూడో రంగు చేర్చను. మట్టి పట్టడానికి కారణం సాధారణంగా ఆ మూడో రంగే, లేదా గిన్నెలో మురికి పట్టిన నీళ్ళు. రెండు గిన్నెలు పెట్టుకుని, ఒకదానిలో కుంచె కడగండి, రెండోదాని నుండి మాత్రమే రంగులోకి నీళ్ళు తీసుకోండి. కెరటపు నురుగుకు తెల్లరంగు పూయకుండా, ఆ చోట కాగితాన్ని ముందే వదిలేస్తే దాని పక్కనున్న పచ్చదనం తనంతట తానే తేటగా కనిపిస్తుంది.